వాలు మీద న్యూట్రల్

ఆమెకు ఒకటే భయం. మామగారు కారును వాలు దింపుతుండగా ఏదో ఒక రోజు బ్రేకు అందదు, ఆ రోజు వెనక సీట్లో తన కూతురు ఉంటుంది. ఇంతకన్నా పెద్ద భయం ఆమెకు లేదు. బల్లి అంటే భయమే, ఉరుమంటే భయమే, అత్తగారు గిన్నెలు గట్టిగా పెడితే కూడా భయమే. కానీ అవన్నీ ఈ భయం ముందు పాలు తాగే పిల్లల్లాంటివి. పొద్దున్నే పిల్లకు జడ వేస్తున్నప్పుడే అది మొదలయ్యేది. రిబ్బను ముడి వేస్తూ వేస్తూ చేతులు ఆగిపోయేవి. కారు గేటు దాటాక, పిల్లలు చేరారని స్కూలు నుంచి ఫోనుకు కబురు వచ్చేదాకా పొయ్యి మీద ఏముందో గుర్తుండేది కాదు. మాడిన పాల వాసన ఆ ఇంటికి మామూలైపోయింది.

దాన్ని ఇంట్లో ఎవరూ భయం అనలేదు. చాదస్తం అన్నారు, పిరికితనం అన్నారు, పనిలేని ఆలోచన అన్నారు. అనగా అనగా అది కోపంగా మారింది.

వాళ్ళ ఇల్లు కొండ మీది కాలనీలో ఉంది. స్కూలు కింద ఉంది. మధ్యలో ఉన్న రోడ్డును పిల్లలు జారుడుబండ అంటారు. పై నుంచి కింది దాకా ఎక్కడా నడుము వాల్చకుండా దిగుతూనే ఉంటుంది. చివర్లో ఒక మలుపు. మలుపు తిరగ్గానే ఒక పక్క స్కూలు గేటు, ఇంకో పక్క నీళ్ళ ట్యాంకర్లు నింపుకునే చోటు. ఎప్పుడు ఏ ట్యాంకరు వెనక్కి వెనక్కి వస్తూ రోడ్డెక్కుతుందో ఎవరికీ తెలియదు.

మామగారు ఉద్యోగమంతా బస్సు తోలాడు. ఆ రోజుల్లో డిపోలో ఒక పోటీ ఉండేది. తక్కువ డీజిల్‌తో ఎక్కువ దూరం తిప్పిన డ్రైవరుకు ఏటా ఒక కప్పు ఇచ్చేవాళ్ళు. ఆ కప్పు ఆయన ఇంటికి వచ్చినన్నిసార్లు ఇంకెవరి ఇంటికీ పోలేదు. డిపోలో ఆయన పేరు చుక్కాయన. కొత్తగా విన్నవాళ్ళు మందు చుక్క అనుకుని నవ్వేవాళ్ళు. ఆయన జన్మలో మందు ముట్టలేదు, ఆయన మత్తంతా డీజిల్ చుక్కలోనే ఉంది. దూరాన ఎర్ర లైటు కనిపిస్తే చాలు, కాలు తీసేసేవాడు. బ్రేకు తొక్కడమంటే చేతిలోని డీజిల్ నేల మీద పోసుకోవడమే అనేవాడు. వాలు వస్తే న్యూట్రల్. "వాలంటే దేవుడు ఊరికే ఇచ్చే డీజిల్‌రా" అని కొత్త డ్రైవర్లకు చెప్పేవాడు. ఇప్పుడు కప్పులన్నీ హాల్లో అద్దాల అలమరలో ఉన్నాయి. ఇంటి పని ఏదీ ముట్టని మనిషి వాటిని మాత్రం తన తువ్వాలుతో తనే తుడుచుకుంటాడు.

క్లచ్ తొక్కీ తొక్కీ ఆయన మోకాలు అరిగింది. అందుకని కొడుకు ఆటోమేటిక్ కారు కొన్నాడు. క్లచ్ లేదు, గేర్లు మార్చే పని లేదు, D లో పెట్టి కూర్చుంటే చాలు. కొడుకుకు కళ్ళజోళ్ళ కొట్టు ఉంది. ఊరందరికీ చూపు సరిచేసే మనిషి. పొద్దున్నే కొట్టు తెరవాలి కాబట్టి పిల్లను స్కూల్లో దింపే పని తాతకు అప్పజెప్పాడు. పిల్లకు అసలు పేరున్నా ఇంట్లో అందరికీ పిడుగే.

ఆ కారులో ఒక మీట ఉంది. అది నొక్కితే స్టీరింగు వెనక పచ్చటి ఆకు బొమ్మ వెలుగుతుంది, పొదుపు పెరిగేకొద్దీ ఆకు నిండుతుంది. ఎకో మోడ్. అప్పుడు యాక్సిలరేటర్ ఎంత తొక్కినా కారు కంగారు పడదు, మర్యాదగా కదులుతుంది. ఏసీ గొంతు తగ్గించి ఊదుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజను తనంతట తానే ఆగి, బ్రేకు వదలగానే లేస్తుంది. ఇందులో తప్పేం లేదు. పెట్రోలు మిగులుతుంది, పొగ తగ్గుతుంది. ఆమెకు ఆ ఆకు మీద ఏ కోపమూ లేదు. కోపమంతా ఆ ఆకుతో తృప్తి పడని మనిషి మీద.

ఎందుకంటే డిపో పోటీ ఇంకా అయిపోలేదు. రిటైరైన డ్రైవర్లంతా ఫోనులో 'పాత చక్రాలు' అని ఒక గ్రూపు పెట్టుకున్నారు. పొద్దున్నే లోకమంతా పూల బొమ్మలు పంపుకుంటుంటే వీళ్ళు కారులో కనిపించే మైలేజీ అంకెల ఫొటోలు పంపుకుంటారు. ఎవరి అంకె పెద్దదైతే ఆ రోజుకు ఆయనే దొర. కప్పులిచ్చిన మేనేజరు ఎప్పుడో పోయాడు. పోటీ మాత్రం వీళ్ళతో పాటే పెన్షను తీసుకుంటోంది.

ఇదంతా ఆమెకు మొదట్లో నవ్వులాటగానే ఉండేది. స్కూల్లో పిల్లలు వేసిన బొమ్మలు చూడ్డానికి రమ్మన్న రోజున ఆమె కూడా కారెక్కి ముందు సీట్లో కూర్చుంది. వాలు మొదలయ్యే చోట మామగారి చెయ్యి స్టీరింగు మీంచి దిగి గేరు రాడ్డు మీద పడింది. చిన్న చప్పుడు. D పోయి N వెలిగింది. ఇంజను గొంతు ఒక్కసారి పడిపోయింది. అప్పటిదాకా ఎవరో వెనక నుంచి పట్టుకున్న కారును వదిలేసినట్టు, అది ముందుకు జారింది.

"తాతా! ఆకు నిండింది! ఆకు నిండింది!" వెనక సీట్లో పిడుగు చప్పట్లు కొట్టింది.

"చూడవే మీ అమ్మకి చూపించు, అంకె ఎంతకి పోయిందో!"

"ఏంటి మామయ్యగారూ, ఏం మార్చారు?"

"న్యూట్రల్. ఇప్పుడు ఇంజనుకీ చక్రాలకీ సంబంధం లేదు. వాలే లాక్కెళ్తుంది, ఊరికే."

"సంబంధం లేకపోతే ఆపేదెవరు?"

"నా కాలు లేదూ?" అని నవ్వాడాయన. "ఈ కాలు ఎన్ని కొండలు దింపిందో తెలుసా అమ్మాయ్?"

ఆ కాలు బ్రేకు మీంచి లేవలేదు. కింది దాకా నొక్కుతూనే ఉంది. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడినట్టు వాసన వచ్చింది. ఆమె కిటికీ దించింది, ఎత్తింది.

"ఏదో మాడుతోంది మామయ్యగారూ."

"ట్యాంకర్ల పొగ. ఈ రోడ్డు ఎప్పుడూ ఇంతే."

పిల్ల వేసిన బొమ్మలో పెద్ద కారు, కారంత పచ్చటి ఆకు, స్టీరింగు పట్టుకుని మీసాల తాత ఉన్నారు. టీచరు మెచ్చుకుంది. ఆమె ఆ బొమ్మను సరిగ్గా చూడలేకపోయింది. ముక్కులో ఇంకా ఆ వాసనే ఉంది.

కొన్ని రోజులు లోపలే దాచుకుని, ఒక సాయంత్రం భర్త చొక్కా అంచుతో కళ్ళద్దాలు తుడుచుకుంటుంటే ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, మీ నాన్నగారు వాలు మీద కారును న్యూట్రల్లో వదిలేస్తున్నారు. దిగినంతసేపూ బ్రేకు మీదే ఆపుతున్నారు. కింద మాడు వాసన వస్తోంది. పిల్ల ఉంది కార్లో."

"ఆయన బస్సు నిండా జనాన్ని ఎక్కించుకుని కొండలు దింపినాయన. ఒక్కడి మోకాలు గీరుకోలేదు. నీకు సైకిలే రాదు."

"బస్సు వేరు, ఇది వేరేమో."

"ఓహో. ఏ కాలేజీలో చెప్పారు?"

ఆ మాట సూటిగా వెళ్ళి తగలాల్సిన చోటే తగిలింది. తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ళమ్మ కాలు విరిగితే ఇంటి పనికని ఆమెను బడి మాన్పించారు. కాలు అతుక్కుంది. బడి మళ్ళీ అతుక్కోలేదు. ఆ సంగతి భర్తకు పెళ్ళికి ముందే తెలుసు. తనే జాలిపడ్డాడు కూడా. జాలిపడ్డ చోటే రాయి విసరడం ఎప్పుడు నేర్చుకున్నాడో ఆమెకు తెలియదు.

"కాలేజీ చెప్పలేదు, ముక్కు చెప్పింది" అంది.

వంటింట్లోంచి అత్తగారు అందుకుంది. "ఆ ముక్కునే కాస్త పొయ్యి దగ్గర కూడా పెట్టమనరా. రోజూ పాలు మాడుస్తోంది."

భర్త నవ్వాడు. హాల్లోంచి మామగారూ నవ్వాడు. ఏం జరుగుతోందో తెలియకపోయినా పిడుగు కూడా నవ్వింది. అరికాలి మంట నెత్తికెక్కినా ఆమె ఏమీ అనలేదు. అంటే ఏడుపొస్తుంది, ఏడిస్తే మాట ఓడిపోతుంది.

మర్నాటి నుంచి ఆమె కూడా కారెక్కడం మొదలుపెట్టింది. వెనక సీట్లో పిల్ల పక్కన కూర్చుని, బెల్టు సరిగ్గా పెట్టి, ముందు సీటు అంచు పట్టుకునేది.

"సెక్యూరిటీ వచ్చిందే పిడుగూ, ఇంక మనకి భయం లేదు" అనేవాడు మామగారు. రెండు మూడు రోజులు సహించాడు. ఆ తర్వాత ఉండబట్టలేక అసలు సంగతి చెప్పాడు. "అమ్మాయ్, ఏమీ అనుకోకు. నువ్వెక్కాక అంకె తగ్గింది. బరువు కదా. గ్రూపులో గాలోడు నన్ను దాటేశాడు."

గాలోడంటే ఆ గ్రూపులోనే ఇంకో డ్రైవరు. బస్సు వేగం వల్ల వచ్చిన పేరు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ పళ్ళు కొరికింది. తన ఒంటి బరువు ఆయన మైలేజీకి భారమట. ఇంట్లో నీళ్ళ బిందెలు, గ్యాసు బండ, జ్వరమొచ్చిన పిల్ల, వీటన్నిటినీ ఎత్తిన ఒళ్ళు ఇది. అప్పుడు ఎవరికీ బరువనిపించలేదు.

ఇంకోటి కూడా గమనించింది. వాలు మొదటి నుంచి కింది మలుపు దాకా ఆయన కాలు రోజురోజుకూ ఇంకాస్త లోపలికి దిగుతోంది. ముందు కొంచెం నొక్కితే ఆగిన చోట ఇప్పుడు బాగా తొక్కాల్సి వస్తోంది. అడిగితే "కొత్త బండి, సర్దుకుంటోంది" అన్నాడు.

సన్నగా తుంపర పడిన ఒక ఉదయం అది జరిగింది. వాలు మొదట్లో చెయ్యి దిగింది, N వెలిగింది, పిడుగు చప్పట్లు కొట్టి నీళ్ళ సీసా నోట్లో పెట్టుకుంది. సగం దిగేసరికి ఆ వాసన మొదలైంది. మలుపులో ఒక ట్యాంకరు వెనక్కి వస్తూ రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. దాని వెనక భాగం నుంచి నీళ్ళు కారుతున్నాయి. మామగారు బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. మళ్ళీ తొక్కాడు. ఆయన మోకాలు పైకి లేచి కిందికి దిగడం ఆమె వెనక నుంచి చూసింది. బ్రేకు మీది కాలు మెత్తటి పరుపు మీద వేసినట్టు దిగిపోయింది. ఆయన చెయ్యి గేరు రాడ్డు కోసం తడుముకుంది, దొరకలేదు, మళ్ళీ స్టీరింగు మీదికే వచ్చింది. రోడ్డు పక్కన ఇల్లు కట్టేవాళ్ళు పోసిన ఇసుక కుప్ప ఉంది. కారును అందులోకి తిప్పేశాడు.

ఒక పెద్ద చప్పుడు, ఆ తర్వాత అసలు చప్పుడే లేదు. ముందు అద్దం నిండా ఇసుక. ట్యాంకరు వెనక భాగం పక్క కిటికీలో, చెయ్యి చాపితే అందేంత దగ్గర. అప్పుడు ఆమె అరిచింది.

నీళ్ళ సీసా మూత తగిలి పిడుగు పెదవి చిట్లింది. యూనిఫాం మీద ఎర్రటి చుక్కలు. పిల్ల ఏడుస్తూనే ముందుకు వంగి చూసి, "ఆకు పోయింది తాతా" అంది.

ఆయన తిరిగి చూడలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ అలాగే ఉన్నాయి.

ట్యాంకరు వాళ్ళు కారును ఇసుకలోంచి లాగి ఇంటి దాకా చేర్చారు. కబురు విని కొడుకు కొట్టు మూసి పరుగున వచ్చాడు. "ఏమైంది నాన్నా?"

"కుక్క అడ్డొచ్చిందిరా. తప్పించబోయాను" అన్నాడు మామగారు.

ఆమె పిల్ల పెదవికి తడిగుడ్డ పెడుతోంది. తలెత్తింది. "ఏ కుక్క?"

"నువ్వు చూళ్ళేదమ్మాయ్. కళ్ళు మూసుకుని అరిచావు."

"కుక్క లేదండీ. బ్రేకు అందలేదు. నేను నా కళ్ళతో చూశాను, ఆయన కాలు..."

"వెనక కూర్చుని అరిస్తే ఎవరైనా తడబడరూ?" అంది అత్తగారు. "ఇన్నాళ్ళూ లేనిది, నువ్వు ఎక్కడం మొదలెట్టాకే వచ్చింది."

భర్త ఆమె వైపు తిరిగాడు. "అంటే నీ అరుపుకే నాన్న..."

"నేను అరిచింది ఇసుకలోకి దిగాక!" అంది. "ముందు ఆయన బ్రేకు తొక్కారు, ఆగలేదు, మళ్ళీ తొక్కారు, ఆగలేదు. అప్పుడు ఇసుకలోకి తిప్పారు. ఆ తర్వాత అరిచాను. వరస తప్పు చెప్పకండి. పిల్ల నోట్లోంచి నెత్తురు కారుతుంటే మీరు ముగ్గురూ లేని కుక్కను వెతుకుతున్నారా?"

అద్దాల అలమరలో కప్పులు తళతళలాడుతున్నాయి. వాటిలో ఒకదాన్ని తీసి నేలకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది. కొట్టలేదు. గోడ మేకుకున్న కారు తాళం తీసుకుని గదిలోకి వెళ్ళి, తన దిండు గలీబులో పెట్టుకుంది.

అప్పటి నుంచి పిల్లను నడిపించుకునే దింపేది, నడిపించుకునే తెచ్చేది. దిగేటప్పుడు ఉత్సాహంగా గంతులేసే పిడుగు ఎక్కేటప్పుడు సగం దారిలో కూర్చుండిపోయేది, ఎత్తుకోవాల్సి వచ్చేది. కాళ్ళు లాగేసేవి. అయినా కారు ఎక్కిన పిల్ల కన్నా చంకలో ఉన్న పిల్ల నయం.

మామగారు ఆమెతో మాట మానేశాడు. తిండి దగ్గర గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. కానీ స్కూలు వేళకు అలవాటుగా మొహం కడుక్కుని, తల దువ్వుకుని, గేటు దగ్గర నిలబడేవాడు. ఊరికే. "తాతా, నువ్వూ నడిచిరా" అని పిల్ల చెయ్యి పట్టుకు లాగితే "మోకాలు నొప్పే పిడుగూ" అనేవాడు. అది చూస్తే ఆమెకు జాలేసేది. ఆ వెంటనే తన మీద తనకే చిరాకు పుట్టేది. జాలి పడితే తాళం ఇవ్వాల్సి వస్తుంది.

"తాళం ఇవ్వు, బంపరు చేయించాలి" అన్నాడు భర్త ఒక రోజు.

"ఇస్తాను. బ్రేకు కూడా చూపించండి. నేనూ వస్తాను."

"నువ్వెందుకు?"

"కుక్క ఎక్కడుందో అడగడానికి."

సర్వీసు వాళ్ళే బండి పంపి కారును లాక్కెళ్ళారు. మర్నాడు ఆమె, భర్త, మామగారు ముగ్గురూ వెళ్ళారు. అక్కడ కారును గాల్లోకి ఎత్తి పెట్టారు, చక్రాలు ఊడదీసి ఉన్నాయి. పనిచేస్తున్నది ఒక బొద్దుపాటి అమ్మాయి. మోచేతుల దాకా నల్లటి గ్రీజు. చక్రం లోపలి ఇనుప పళ్ళాన్ని చూపించింది. కాలిన పెనం మీద కనిపించేలాంటి నీలం మరకలున్నాయి దాని మీద.

"దీన్ని ఏం చేశారు సార్?" అంది. "బ్రేకు ప్యాడ్లు గాజులా నునుపైపోయాయి. ఇంకెక్కడ పట్టుకుంటాయి? వాలు మీద న్యూట్రల్ చేస్తున్నారా?"

భర్త నోరు తెరిచాడు, మూశాడు. మామగారే అన్నాడు, "చేస్తే?"

"ఎందుకు తాతగారూ?"

"పెట్రోలు మిగలడానికి."

ఆ అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. "మిగలదండీ. పాత బస్సుల సంగతి నాకు తెలీదు, ఇందులో మాత్రం న్యూట్రల్ చేస్తే ఇంజను ఆరిపోకుండా ఉండాలి కదా, అందుకని తాగుతూనే ఉంటుంది. అదే D లో ఉంచి కాలు తీసేశారనుకోండి, చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. పెట్రోలు రావడమే ఆగిపోతుంది. పైగా ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది, బ్రేకు మీద భారం ఉండదు. ఆకు వెలిగించుకోండి, తప్పులేదు. దిగేటప్పుడు మాత్రం రాడ్డు ముట్టకండి."

"అయితే ఇన్నాళ్ళూ..."

"ఇన్నాళ్ళూ బ్రేకులూ పోయాయి, పెట్రోలూ పోయింది."

ఆమె మామగారి మొహమే చూస్తోంది. బ్రేకులు పోయాయన్నప్పుడు ఆ మొహంలో ఏమీ కదల్లేదు. పెట్రోలు పోయిందన్నప్పుడు మాత్రం కత్తి వేటుకు నెత్తురు చుక్క లేకుండా పాలిపోయింది.

కొత్త బ్రేకులు వేసుకుని కారు ఇంటికొచ్చిన రోజు స్కూలుకు సెలవు. మామగారు చాలా రోజుల తర్వాత ఆమె వైపు తిరిగి అడిగాడు. "ఒక్కసారి తాళం ఇస్తావా అమ్మాయ్? వాలు దిగి వచ్చేస్తాను."

"పిల్లను ఎక్కించను. నేనొస్తాను."

ముందు సీట్లో కూర్చుంది. వాలు మొదట్లో ఆయన చెయ్యి అలవాటుగా లేచింది, ఆమె ఆ చేతినే చూస్తోంది. అది గాల్లో ఆగి, మళ్ళీ స్టీరింగు మీదికి పోయింది. కాలు తీసేశాడు. ఇంజను సన్నగా మూలిగింది, కారు తనను తాను ఆపుకుంటూ దిగింది. బ్రేకు మీద కాలు పడింది ఒకటి రెండుసార్లే. వాసన రాలేదు. ఆకు వెలుగుతూనే ఉంది, అంకె పై హద్దు దాకా పోయి అక్కడే నిలబడింది.

కింద రోడ్డు పక్కన ఆపి ఆయన పగలబడి నవ్వాడు. మొహం పండగొచ్చిన పిల్లాడిలా ఉంది. జేబులోంచి ఫోను తీసి అంకెను ఫొటో తీశాడు. "చూడమ్మాయ్, చూడు! న్యూట్రల్లో కన్నా ఎక్కువ! ఇక గాలోడి పని అయిపోయింది! ఇకనుంచి చచ్చినా రాడ్డు ముట్టను!"

అన్నాళ్ళుగా అణిచిపెట్టినదంతా అప్పుడు బయటికొచ్చింది.

"ఇప్పుడు ముట్టరా? నేను వద్దంటే ముట్టారు. వాసనొస్తోందని మొత్తుకుంటే ముట్టారు. పిల్ల నెత్తురు కక్కినా ఇంకో రోజు ముట్టేవాళ్ళే, నేను తాళం దాచకపోతే! మీ మనవరాలి ప్రాణం కోసం వదలని చెయ్యి ఈ దిక్కుమాలిన అంకె కోసం వదిలిందా మామయ్యగారూ? కుక్క ఏదీ? ఇప్పుడు చెప్పండి, ఇక్కడే కదా అడ్డొచ్చింది, ఏదీ ఆ కుక్క?"

ఆయన నవ్వు ఆగిపోయింది. ఫోను ఒళ్ళో పడింది. ట్యాంకరు ఒకటి పక్కనుంచి పోయింది.

"కుక్క లేదు అమ్మాయ్."

"నాకు తెలుసు."

"బ్రేకు మెత్తబడిందని నాకూ తెలుసు. అంతకు ముందు నుంచే తెలుసు."

ఆమె ఆయన వైపు తిరిగింది. "తెలిసి... తెలిసే నా పిల్లను ఎక్కించుకున్నారా?"

"ఇవాళొక్కరోజు, రేపొక్కరోజు అనుకున్నాను. సర్వీసుకిస్తే రెండు మూడు రోజులు బండి ఉండదు. అప్పటికే గాలోడు నన్ను దాటేశాడు గ్రూపులో. నా కాలు మీద నాకంత నమ్మకం. దేవుడి మీద ఒట్టు అమ్మాయ్, పిల్లకి ఏదైనా అవుతుందని ఒక్కసారి కూడా అనుకోలేదు."

"మీరు అనుకోకపోతే కాకుండా ఉంటుందా?"

ఆయన తల తిప్పుకున్నాడు. ఏడుస్తున్నాడేమోననిపించింది, ఆమె చూడలేదు. ఆయన ఒళ్ళోని ఫోను తీసుకుని 'పాత చక్రాలు' తెరిచింది. అక్కడా ఆయన కుక్క కథే రాసి ఉన్నాడు. అక్షరాలు వెతుక్కుంటూ, తప్పో ఒప్పో, రాసింది: కుక్క రాలేదు. నేను వాలు మీద న్యూట్రల్ చేసి బ్రేకులు కాల్చాను. అందలేదు. నా మనవరాలు కారులో ఉంది. దీనివల్ల పెట్రోలు కూడా మిగలదు. ఎవరూ ఇలా చెయ్యకండి.

ఫోను ఆయన చేతిలో పెట్టింది. "పంపండి. మీ వేలితోనే."

"పరువు పోతుంది అమ్మాయ్."

"పోనివ్వండి. పోయినా తిరిగొచ్చేది అదొక్కటే."

ఆయన చాలాసేపు ఆ రాతను చూశాడు. ఆ తర్వాత పంపాడు. సాయంత్రం కొడుకు రాగానే, ఎవరూ అడగకుండానే, "కుక్క లేదురా" అన్నాడు. భర్త కళ్ళద్దాలు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీసి తుడిచాడు. అత్తగారు వంటింట్లోకి వెళ్ళింది, ఆ రోజు గిన్నెల చప్పుడు వినిపించలేదు. రాత్రి భర్త "నువ్వు చెప్పినప్పుడే వినాల్సింది" అన్నాడు గోడతో. "గోడ చెప్పలేదండీ, నేను చెప్పాను. ఇటు తిరిగి అనండి" అంది. తిరిగి అన్నాడు. కోపం సగమే తగ్గింది. మిగతా సగం ఇంకా అవసరమేననిపించి ఉంచుకుంది.

ఎందుకంటే ఆ గ్రూపులో జవాబులు వచ్చాయి. చుక్కాయనకి వయసైపోయింది అన్నారొకరు. కప్పులు వెనక్కిచ్చెయ్ అన్నారొకరు. నవ్వే బొమ్మలు వరసగా వచ్చాయి. చివర్లో గాలోడు ఒక ఫొటో పెట్టాడు. ఆకు, అంకె, పక్కన N. కింద రాశాడు: నేను ఇవాళ కూడా న్యూట్రల్లోనే దింపాను. మనవలిద్దరూ వెనకే ఉన్నారు. నాకేం కాలేదే!

మామగారు ఫోన్ చేస్తే గాలోడు తియ్యలేదు. ఆమె మామగారి దగ్గర గాలోడి ఇంటి నంబరు తీసుకుని చేసింది. కోడలు ఎత్తింది. ఆమె వయసే ఉంటుంది గొంతును బట్టి. వెనక పిల్లల గోల. చెప్పాల్సిందంతా తడబడకుండా చెప్పింది: రాడ్డు, వాసన, మెత్తబడే బ్రేకు.

అవతలి మనిషి పిల్లల్ని గోల ఆపమంది. ఆ తర్వాత అంది, "మా మామయ్యగారికి తెలీదంటారా అండీ? ఆయన బస్సుతో ఎన్ని కొండలు దింపారో... అయినా మేం చెప్తే ఇంట్లో ఎవరు వింటారు?"

ఫోను పెట్టేసింది. మళ్ళీ చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో ఆమెకు తెలియదు. మామగారు ఎప్పుడూ వెళ్ళలేదట, డిపో స్నేహమే తప్ప ఇంటి స్నేహం కాదట. అదే వీధిలో మీరు ఉండొచ్చు. అది మీ ఇల్లే కావచ్చు, ఆ పెద్దాయన మీ నాన్నో, మీ మామయ్యో, పక్కింటి తాతగారో కావచ్చు. రేపు పొద్దున పిల్లల్ని ఎక్కించేటప్పుడు, పనున్నా సరే, మీరూ ఒక్కసారి ఆ కారెక్కండి. వాలు మొదలయ్యే చోట ఆయన చెయ్యి ఎటు పోతుందో చూడండి. కింద మలుపులో మాడు వాసన వస్తుందేమో చూడండి. బరువు ఎక్కువవుతుందని నవ్వినా దిగకండి. వెనక పిల్లలున్నారు. వెళ్ళి చూసి రండి.